కుక్క గొర్రెపిల్లను కరిచిన రోజు నుంచి మామయ్య గడప దాటడం లేదు

మణికొండ నుంచి ఒక కోడలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అత్తగారు పోయి ఏడాదిన్నర అయింది. వనపర్తి దగ్గరి పల్లెలో ఒంటరిగా ఉండలేక మామగారు వీళ్ళ దగ్గరికి వచ్చేశారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, జన్మంతా సేద్యం చేసినవారు. మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఆయనకు పొద్దు గడిచేది కాదు. ఇంట్లో ఉన్న నాలుగేళ్ళ లాబ్రడార్ రాజా ఒక్కటే ఆయనకు తోడు. అపార్ట్‌మెంట్ చుట్టూ తిప్పుతుంటే లిఫ్టు దగ్గర, పార్కింగ్ దగ్గర జనం మాటలు అనడం మొదలుపెట్టారు. దాంతో సంక్రాంతి తర్వాత నుంచి ఆదివారాలు కారేసుకుని ఊరి బయటికి వెళ్ళడం అలవాటు చేసుకున్నారు. మొదటిసారి ఒక జాతీయ పార్కు గేటు దగ్గరే, కుక్కను లోపలికి తీసుకెళ్ళకూడదని వెనక్కి పంపారు. తర్వాత వికారాబాద్ వైపు చెరువులు, చెట్లు ఉన్న దారులు దొరికాయి. మామగారు శనివారం సాయంత్రమే చెప్పులు తుడిచి గుమ్మం దగ్గర పెట్టుకునేవారట.

ఆయనకు ఒక్క బెల్టు సంగతే నచ్చేది కాదు. "కుక్క మనిషి పక్కన నడవాలె గానీ, కట్టేసి గుంజుకపోవుడేంది బిడ్డా" అని, ఊరు దాటగానే విప్పేసేవారు. పోయిన నెల ఒక మలుపు దగ్గర గొర్రెల మంద ఎదురైంది. రాజా ఉరికింది. ఒక గొర్రెపిల్ల వెనక కాలు పట్టింది. కాపరి నలుగురి ముందు మామగారిని నానా మాటలు అన్నాడు. ఈమె భర్త ఐదు వేలు అతని చేతిలో పెట్టి, ఇంకో మాట లేకుండా కారు తిప్పేశారు. ఆ రోజు నుంచి మామగారు కిందికి కూడా దిగడం లేదు. భర్తేమో శంకరపల్లిలో స్నేహితుడి ఫాంహౌస్‌కు రాజాను ఇచ్చేద్దామంటున్నారు. పదేళ్ళ పాప నాన్నతో మాట్లాడటం మానేసింది. "రాజాను ఇచ్చేయాలా, ఆదివారాలు మానేయాలా, ఇంకో మంచి చోటు వెతకాలా? కుక్కతో ప్రశాంతంగా నడిచే దారి హైదరాబాద్ చుట్టూ ఎక్కడా లేదా?" అని అడిగారు.

అమ్మా,

మీరు అడిగింది దారి గురించి. ఉత్తరంలో ఎక్కువ భాగం మాత్రం మామయ్యగారి గురించి రాశారు. కాబట్టి దారి సంగతి చెబుతాను గానీ, ముందు ఇంట్లో సంగతి మాట్లాడుకుందాం.

మీవారికి రాజా మీద కోపం అని మీరు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించలేదు. తన తండ్రిని నలుగురిలో ఒకరు నోటికొచ్చినట్టు అంటుంటే, తప్పు మనవైపు ఉంది కాబట్టి ఎదురు చెప్పలేక నిలబడ్డ కొడుకు ఆయన. ఆ ఐదు వేలు ఇచ్చి వెంటనే కారు తిప్పడంలో ఆ బాధే కనిపిస్తోంది. కుక్క ఇంట్లో లేకపోతే అలాంటి రోజు మళ్ళీ రాదని ఆయన ఆశ. మామయ్యగారి బాధ వేరు. ఆయన రైతు. గొర్రెపిల్ల అంటే ఆ కాపరికి ఏమిటో ఆ దారిలో ఉన్నవాళ్ళందరి కంటే ఆయనకే బాగా తెలుసు. "గొర్లోని ముంగట నా ఇజ్జత్ పోయింది" అని ఒక్కసారే అన్నారని రాశారు. కుక్క పోతుందని ఆయనకు భయం ఉండే ఉంటుంది. కానీ తోటి పల్లె మనిషి దగ్గర తాను పరాయివాడిలా, పట్నం నుంచి కారులో వచ్చి నష్టం చేసి పోయినవాడిలా మిగిలిపోయానన్న బాధ అంతకంటే పెద్దది. కొత్త చోటు వెతికినంత మాత్రాన అది తీరదు.

ఇక రాజా. లాబ్రడార్ మెత్తని కుక్క, పిల్లలతో ఆడుకుంటుంది, అలాంటిది ఎలా కరిచిందని ఆశ్చర్యపోయారు. ఎంత మెత్తని కుక్కైనా, ఎదురుగా ఉన్నది పరుగు తీస్తే వెంటపడుతుంది. గొర్రెలు బెదిరితే ఒక్కసారిగా గుంపుగా పారిపోతాయి. అది చూస్తే వెంటపడకుండా ఆగడం చాలా కుక్కల వల్ల కాదు. ఇందులో దాని దుర్మార్గం ఏమీ లేదు. అలాగని ఇంకోసారి చేయదని కూడా అనుకోవద్దు. ఒకసారి వెంటపడ్డ కుక్కకు మళ్ళీ మంద కనిపిస్తే ఆ ఉత్సాహం ఇంకా ఎక్కువగా ఉంటుంది. అందుకే, మీరు ఏ నిర్ణయం తీసుకున్నా సరే, ఊరి బయట రాజా మెడలోనో ఒంటికో తాడు లేకుండా ఇక నడవకూడదు. ఈ ఉత్తరంలో నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే. మిగతావన్నీ మీరు ఆలోచించుకుని చేయాల్సినవి.

ఈ మాట మామయ్యగారికి ఎలా చెప్పాలన్నదే మీకు కష్టం. బెల్టు, ట్రైనింగ్, రూల్స్ అంటూ మొదలుపెడితే ఆయనకు ఎక్కదు. ఆయన భాషలోనే అడగండి. ఎద్దుల్ని తోలుకుని పరాయి చేను పక్క నుంచి పోతున్నప్పుడు పలుపు చేతిలో పట్టుకోకుండా వదిలేసేవారా అని. వదిలేస్తే, చేలో పడ్డ పశువును బందెలదొడ్డిలో కట్టేసిన రోజులు ఆయనకు గుర్తుంటాయి. పలుపు ఎద్దుకు అవమానం అని ఏ రైతూ అనుకోడు. రాజా తాడు కూడా అంతే. కట్టేసి ఉంచడం వేరు, పట్టుకుని పక్కన నడవడం వేరు. కుక్కకు స్వేచ్ఛ కావాలన్నదే ఆయన బాధైతే, ఐదు మీటర్లో పది మీటర్లో పొడవుండే తాడు కొనండి. దాన్ని మెడకు కాకుండా ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌కు తగిలించాలి. రాజా వాసన చూస్తుంది, గడ్డిలో తిరుగుతుంది, ముందుకు పోతుంది. మంద కనిపిస్తే మాత్రం తాడు చేతికి చుట్టుకోకుండా దగ్గరికి లాక్కోవాలి. ముప్ఫై కిలోల కుక్క ఒక్కసారి గుంజితే వేళ్ళు విరుగుతాయి, పెద్దాయన కింద పడతారు. కొన్నాళ్ళు తాడు మీ చేతిలోనో మీవారి చేతిలోనో ఉంటే మంచిది.

మంద ఎదురైతే ఏం చేయాలో మామయ్యగారే మీకు నేర్పగలరు. దూరం నుంచే కాపరిని కేకేసి చెప్పడం, దారి వదిలి పక్కకు తప్పుకోవడం, మంద పోయేదాకా నిలబడటం ఆయన జీవితమంతా చూసినవే. అప్పుడు రాజాను మందకు వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, చేతిలో తిండి పెట్టండి. కాపరి వెంట కుక్కలు ఉంటాయి, అవి ఊరుకోవు. అందుకే దూరం ముఖ్యం. కొత్త చోట్లకు మూతి బుట్ట కూడా దగ్గర ఉంచుకోవచ్చు. వగర్చడానికి, నీళ్ళు తాగడానికి వీలుగా ఉండే బుట్ట రకం కొనాలి, మూతిని బిగించే గుడ్డది వద్దు. దాన్ని పశువుల మూతికి కట్టే చిక్కం అంటే మామయ్యగారికి ఇట్టే అర్థమవుతుంది.

ఇప్పుడు మీరు అడిగిన దారులు.

గేటు దగ్గర ఆపినందుకు ఉత్తరంలో నొచ్చుకున్నారు. అక్కడ తప్పు ఎవరిదీ లేదు. మన ఊళ్ళో ఉన్న మూడు జాతీయ పార్కులు, అంటే జూబ్లీహిల్స్ దగ్గరి కేబీఆర్, చిలుకూరు పక్కనున్న మృగవని, వనస్థలిపురంలోని హరిణ వనస్థలి, ఇవి వన్యప్రాణులకు ఇచ్చిన చోట్లు. కేబీఆర్ 390 ఎకరాలే, చుట్టూ నగరం. అందులో నెమళ్ళు నేల మీదే గుడ్లు పెడతాయి. హరిణ వనస్థలిలో కృష్ణజింకలు ఉన్నాయి. కుక్క మొరగకపోయినా, దాని వాసనకే జింకలు బెదురుతాయి. పైగా డిస్టెంపర్, రేబిస్ లాంటి జబ్బులు కుక్కల నుంచి అడవి జంతువులకు పాకుతాయి. కాబట్టి వాటిని లెక్కలోంచి తీసేయండి. కేబీఆర్ బయటి కాలిబాట మీద మాత్రం కుక్కలతో నడిచేవాళ్ళు పొద్దున్నే కనిపిస్తారు.

మీకు దగ్గర్లో ఖాజాగూడ గుట్టలు ఉన్నాయి. ఆ రాళ్ళ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. తెల్లవారుజామున అక్కడి గాలి, వెలుతురు నాకు చాలా ఇష్టం. కానీ అక్కడ కుక్కకు రెండు ఇబ్బందులు. రాయి తొందరగా వేడెక్కుతుంది, పగిలిన సీసాల గాజు కాలికి గుచ్చుకుంటుంది. చలికాలంలో పొద్దున్నే ఒక గంట అయితే బాగుంటుంది. నేల వేడిగా ఉందో లేదో తెలియాలంటే మీ అరచేతి వెనక భాగాన్ని ఐదారు సెకన్లు రాయి మీద ఉంచండి. మీరు ఉంచలేకపోతే రాజా నడవలేదు. మామయ్యగారి మోకాళ్ళ సంగతి కూడా రాశారు కాబట్టి, గుట్ట ఎక్కకుండా కింద తిరగడమే మేలు.

నది ఒడ్డు అనగానే మంజీర గుర్తొస్తుంది. సంగారెడ్డి దగ్గర అది వన్యప్రాణి అభయారణ్యం, పైగా అక్కడ మొసళ్ళు ఉన్నాయి. నీళ్ళంటే పడిచచ్చే లాబ్రడార్‌ను ఆ దరిదాపులకు తీసుకెళ్ళకండి. గండిపేట, హిమాయత్ సాగర్ జలాశయాలు 1908 మూసీ వరదల తర్వాత కట్టినవి, మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వాటి నీళ్ళు జనం తాగుతారు. అందుకే రాజాను నీటిలోకి దింపొద్దు, దాని మలాన్ని కవర్లో ఎత్తి తెచ్చేయాలి. వానాకాలంలో గేట్లు ఎత్తే రోజుల్లో దిగువ ఒడ్డు వైపే పోవద్దు. ఇక ఊరు దాటాక మూసీ నీళ్ళు కుక్క ముట్టుకోదగ్గవి కావు. అదే మూసీ అనంతగిరి కొండల్లో పుడుతుందంటే ఎవరికైనా మనసు అటు లాగుతుంది. కానీ అది రిజర్వు అడవి. కుక్కను అనుమతిస్తారో లేదో బయల్దేరే ముందే అటవీశాఖ వాళ్ళను అడగండి. అక్కడ కోతులు చాలా. కోతిని చూసి కుక్క, కుక్కను చూసి కోతులు రెచ్చిపోతే మధ్యలో పాప ఉంటుంది. నర్సాపూర్ అడవి దారిలో కూడా ఇదే ఇబ్బంది.

నన్నడిగితే మీ అందరికీ సరిపోయేది చెరువు కట్ట. తెలంగాణలో కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులు ఉన్నాయి కదా, ఏ పల్లెకు పోయినా ఒక కట్ట ఉంటుంది. 2015లో చెరువుల మరమ్మతు పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక చాలా చోట్ల కట్టలకు కొత్త మట్టి పోశారు. నేల చదును, ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క పొలాలు, అక్కడక్కడ తాటి, ఈత చెట్ల నీడ. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి నడవగలరు. ఎదురుగా మంద వస్తే చాలా దూరం నుంచే కనిపిస్తుంది, మలుపులో హఠాత్తుగా తగలదు. మరీ ముఖ్యంగా, ఆ కట్ట మీద మామయ్యగారు అతిథి కారు. ఎదురొచ్చిన మనిషిని "ఏం పంట ఏసిన్రు" అని అడగగలరు. ప్రతి ఆదివారం కొత్త చోటు వెతక్కుండా, గంట ప్రయాణంలో ఉన్న రెండు మూడు ఊళ్ళకే మళ్ళీ మళ్ళీ వెళ్ళండి. మొదటిసారి కుక్కను కారు దించే ముందే ఊళ్ళో ఎవరినైనా అడగండి, మందలు ఎప్పుడు తోలతారు, ఊరి కుక్కలు ఎటు ఉంటాయి అని. నాలుగోసారికి వాళ్ళే రాజాను పేరుతో పిలుస్తారు.

పొలాల గట్ల మీదికి మాత్రం దిగొద్దు. అడవి పందుల కోసం కొందరు చేను చుట్టూ కరెంటు తీగలు పెడుతున్నారు. అది నేరమే, అయినా ఆగలేదు, వాటికి మనుషులు కూడా బలయ్యారు. ఎలుకలకు పెట్టిన మందు, పురుగుమందు కలిపిన నీళ్ళు ఉంటాయి. తాడు వదలొద్దని నేను ఇంతగా చెప్పడానికి గొర్రెలు ఒక్కటే కారణం కాదు.

కాలం సంగతి కూడా చెప్పాలి. ఎండాకాలంలో మే నెల దాకా మీరు ఐదింటికే బయల్దేరి తొమ్మిదిన్నరకు తిరిగొచ్చామని రాశారు. తొమ్మిదిన్నర చాలా ఆలస్యం. ఒత్తు బొచ్చున్న లాబ్రడార్ ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, 104 దాటితే ప్రమాదం. నాలుక బాగా బయటికి వేలాడేసి, ఆగకుండా వగరుస్తూ, తూలుతుంటే వెంటనే నీడలోకి తెచ్చి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసురుతూ డాక్టర్ దగ్గరికి పోవాలి. ఆగి ఉన్న కారులో ఐదు నిమిషాలు కూడా వదలకండి.

ఇప్పుడు వానలు. గడ్డి పెరిగింది, గోమార్లు ఎక్కుతాయి. మా ఇంటి కుక్కకు వాటి వల్ల వచ్చే టిక్ ఫీవర్ వచ్చినప్పుడు నేను రెండు రోజులు అజీర్తి అనుకుని మజ్జిగన్నం పెట్టాను. మూడో రోజుకు చిగుళ్ళు తెల్లబడ్డాయి. అదృష్టం కొద్దీ బతికింది. అందుకే చెబుతున్నాను, ఇంటికి రాగానే చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, తోక కింద చూడండి. పల్లేరు కాయలు కూడా అక్కడే గుచ్చుకుంటాయి. తిండి మానేసి మందకొడిగా ఉంటే ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. గుంట నీళ్ళు తాగనివ్వొద్దు, ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, మనుషులకు కూడా పాకుతుంది. రక్తపింజరి, నాగుపాము, కట్లపాము ఈ కాలంలో ఎక్కువగా కనిపిస్తాయి, కుక్క ముందు మూతే పెడుతుంది. ఇన్ని ఉన్నాయి కాబట్టి దసరా దాటేదాకా పెద్ద నడకలు ఆపి, ఆ మూడు నెలలు రాజాకు తాడుతో నడవడం, పిలవగానే వెనక్కి రావడం నేర్పించడానికి వాడుకోవచ్చు. కొండాపూర్‌లో 2018లో నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ పెట్టిన కుక్కల పార్కు ఉంది. కంచె ఉన్న చోటు కాబట్టి నేర్పడానికి పనికొస్తుంది.

అపార్ట్‌మెంట్ గురించి రెండు మాటలు. పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం, లిఫ్టు ఎక్కనివ్వకపోయే అధికారం అసోసియేషన్లకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. ఆ కాగితం చూపించి గెలవొచ్చు. కానీ 2023లో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ళ బాబు పోయాక ఈ నగరంలో తల్లుల భయం నిజమైనది. కుక్క రిజిస్ట్రేషన్, టీకాల కార్డు వాళ్ళకు చూపించి, జనం తక్కువగా ఉండే వేళలో తిప్పుతామని చెప్పి, చేతిలో కవరు పట్టుకుని దిగితే సగం మాటలు ఆగుతాయి. మిగతా సగానికి ఆ కాగితం ఉంచుకోండి.

ఫాంహౌస్ ఆలోచనను నేను కొట్టిపారేయను. ఇంట్లో నిజంగా కుదరకపోతే, మంచి చేతుల్లో పెట్టడం పాపం కాదు. కానీ ఇచ్చే ముందు మీవారిని కొన్ని అడగమనండి. ఆ స్నేహితుడు అక్కడ ఉంటాడా, వారానికోసారి వస్తాడా? రోజూ అన్నం పెట్టేది ఎవరు? జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు? చాలా ఫాంహౌసుల్లో కుక్క గేటు దగ్గర గొలుసుతోనే ఉంటుంది. నాలుగేళ్ళు మనుషుల మధ్య నిద్రపోయిన కుక్కకు అది మంచి బతుకు కాదు. శంకరపల్లి వైపు కూడా మందలు తిరుగుతాయి, కాబట్టి మీవారి భయం అక్కడికీ వెళ్తుంది, చూసుకునే మనిషే ఉండరు. పైగా అత్తగారు పోయిన ఏడాదిన్నరకే మామయ్యగారు ఇంకో తోడును పోగొట్టుకుంటారు, అదీ తన తప్పు వల్లే అనుకుంటూ. ఆయన పైకి "ఇచ్చెయ్యిరి" అనవచ్చు. ఆ మాటను ఒప్పుకోలుగా తీసుకోకండి. దసరాదాకా గడువు అడగండి. ఈ మూడు నెలల్లో తాడు లేకుండా ఒక్కసారి కూడా బయటికి తీయలేదని మీవారికి కనిపిస్తే, ఆయన మనసు మారే అవకాశం ఉంది. మారకపోతే అప్పుడు నిదానంగా మాట్లాడుకోండి. పాపకు ఈలోపు ఒక్కటి చెప్పండి, నాన్న రాజాను అసహ్యించుకోవడం లేదు, తాతయ్యను ఎవరూ ఏమీ అనకూడదని చూస్తున్నాడు అని.

ఆదివారాలు పూర్తిగా మానేయడం కూడా ఒక దారే. రాజాకు ఉదయం, సాయంత్రం కాలనీలో ముప్పావు గంట నడక సరిపోతుంది, ఒళ్ళు బాగానే ఉంటుంది. సరిపోనిది మామయ్యగారికి. ఆయనకు మట్టి వాసన కావాలి. కుక్క లేకుండానైనా నెలకోసారి వనపర్తి తీసుకెళ్ళగలరా, ఆలోచించండి.

చివరిగా ఆ కాపరి సంగతి. ఉత్తరంలో గొర్రెపిల్ల ఏమైందో మీరు రాయలేదు. మీకు తెలియదనుకుంటాను. కరిచిన గాయం పైకి చిన్నగా ఉన్నా లోపల చీము పడుతుంది, ఈ వానల్లో పురుగు పడుతుంది. కుక్కకు రేబిస్ టీకా వేశారో లేదో తెలియక అతను ఈ నెలంతా భయపడుతూ ఉండొచ్చు. ఐదు వేలు ఇచ్చినా టీకా సంగతి ఎవరూ అతనికి చెప్పలేదు. మామయ్యగారిని తీసుకుని మళ్ళీ ఆ ఊరు వెళ్ళే ధైర్యం మీకుందా? వెళ్తే అతను ఇంకో నాలుగు మాటలు అనవచ్చు, ఇంకొంత డబ్బు అడగవచ్చు, అడిగితే ఇవ్వాల్సి రావచ్చు. పిల్ల చచ్చిపోయిందని తెలిస్తే మామయ్యగారు మరింత కుంగిపోవచ్చు కూడా. అవన్నీ ఆలోచించి, ముందు ఆయన్నే అడగండి, పోదామా అని. ఆయన వద్దంటే బలవంతం చేయకండి, మీవారు ఒక్కరే వెళ్ళి కనుక్కుని వచ్చినా సరే. ఆయన సరేనంటే మీరు మాట్లాడకండి, ఇద్దరు రైతుల్నీ మాట్లాడుకోనివ్వండి. రాజా టీకా కార్డు జిరాక్స్ ఒకటి తీసుకెళ్ళి అతని చేతికివ్వండి. పిల్ల కాలు ఇంకా మానకపోతే పశువుల డాక్టర్‌కు చూపించే ఖర్చు మీరు పెట్టుకోండి.

రాజాను మాత్రం ఆ రోజు ఇంట్లోనే, పాప దగ్గర ఉంచి వెళ్ళండి.